ఎమరీ కాగితంతో తుడిచేసిన నీలం

హోసూరులో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో నా పని సాన పట్టడం. మొండిబారిన డ్రిల్లులు, కట్టర్లు ట్రేలలో వస్తాయి. పదును పెట్టి, కొలతలు చూసి, నూనె రాసి తిరిగి పంపుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. కుప్పం పక్క పల్లె నుంచి వచ్చి మూకండపల్లిలో గది అద్దెకు తీసుకునేటప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు. ఇప్పుడు కూతురు కాలేజీకి పోతోంది.

పదును విషయంలో ఫ్యాక్టరీలో నాకు పేరుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఒక మాట చెబుతాను. "అంచు నీలం తిరిగిందంటే దాన్ని నాకు చూపించొద్దు, చెత్తబుట్టలో ఎయ్." ఉక్కును తిరిగే చక్రానికి ఎక్కువసేపు ఒత్తితే వేడెక్కుతుంది. ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, తర్వాత గోధుమ, ఆ తర్వాత నీలం. నీలం వచ్చిందంటే పాయనం దిగిపోయినట్టే. ఉక్కును కాల్చి, ముంచి తెచ్చిన గట్టిదనాన్ని కమ్మరులు పాయనం అంటారు. అది పోయాక ఎంత నున్నగా రుద్దినా లాభం లేదు. చూడ్డానికి పదునుగానే ఉంటుంది, పనిలో పెడితే వంగిపోతుంది.

మా డిజైన్ సెక్షన్‌లో ఒక మేడం ఉన్నారు. యాభై దాటిన మనిషి. కల్లావిలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, కృష్ణగిరిలో పాలిటెక్నిక్ చదివి, డ్రాయింగ్ బల్ల దగ్గర మొదలుపెట్టి సెక్షన్‌కే పెద్ద అయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఏటా ఫిబ్రవరిలో మూడు వారాలు సెలవు పెట్టి హిమాచల్ పోతారు. అక్కడ కాళ్లకు స్కీలు కట్టుకుని, ఊళ్లూ దారులూ లేని మంచుకొండల మీద తిరుగుతారు. ఫ్యాక్టరీలో అందరికీ అది వింత. ఎవరైనా అడిగితే, "చిన్నప్పుడంతా గొర్రెల ఎనక తిరిగిన కాళ్లప్పా ఇవి, ఒక తావున నిలవవు" అని నవ్వేవారు.

ఆ స్కీలను మొదటిసారి నా దగ్గరికి తెచ్చింది మూడేళ్ల కిందట.

"దీనికి పదును పెట్టల్ల. బెంగళూరులో ఎవరో ఉండారంట, నాకు మనసొప్పలేదు. నువ్వు ఉక్కు తెలిసినోడివి" అన్నారు.

నేను స్కీలను చూడడం అదే మొదలు. మనిషికన్నా పొడుగు, బెత్తెడు కూడా లేని వెడల్పు. లోపల చెక్క, పైన ప్లాస్టిక్. బూటు ముందు భాగమే బిగుసుకుంటుంది, మడమ పైకి లేస్తుంది, అందుకే వాటితో నడవొచ్చు. అడుగున నడిమధ్య చేప పొలుసుల్లాంటి గీతలు. ఎక్కేటప్పుడు అవి మంచును పట్టుకుంటాయట. రెండు పక్కలా అంచు పొడుగునా రెండు మిల్లీమీటర్ల సన్నటి ఉక్కు పట్టీ, జిగురుతో అతికించి ఉంది. పదును పెట్టాల్సింది దానికే.

"మెత్తని మంచులో ఇది ఉన్నా లేకున్నా ఒకటే" అన్నారు మేడం. "తెల్లారి మంచు గాజు మాదిరి గడ్డకట్టి ఉంటాది. వాలుకు అడ్డంగా పోవల్లంటే ఈ అంచు కొరకల్ల. కొరకలేదంటే జారిపోయేదే."

అందులో కొన్ని మెలకువలు ఆవిడ చెప్పారు, కొన్ని నేను కనిపెట్టాను. అడుగు పక్క ముట్టుకోకూడదు, పక్క ముఖమే రుద్దాలి. మూల సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండాలి. అల్యూమినియం ముక్కతో ఆకురాయికి, అదే ఉక్కు ఫైలుకు, ఒక ఆసరా చేసుకున్నాను, చేయి వణికినా కోణం మారదు. ముందు అంచు పొడుగునా నల్ల మార్కరుతో గీత గీస్తాను. ఆకురాయి తగిలినచోట నలుపు పోతుంది, తగలనిచోట మిగులుతుంది, పని ఎంతవరకు వచ్చిందో కళ్లకు కనబడుతుంది. ముక్కు నుంచి తోక దాకా ఒకే దిక్కుగా లాగాలి. తర్వాత డైమండ్ రాయి తడిపి రుద్దాలి. చివరగా మెత్తటి రబ్బరు రాయితో అంచున మిగిలిన సన్నటి గరుకు తీసెయ్యాలి. ఒక్కో స్కీకి ఒక సాయంత్రం పట్టేది. గోటిని అంచుకు అడ్డంగా లాగితే తెల్లటి పొడి రాలాలి, అదే పరీక్ష. రెండేళ్లు అలాగే చేసి ఇచ్చాను. తిరిగొచ్చేటప్పుడు మేడం ఎండు ఆప్రికాట్ల సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు.

మూడో ఏడు, అంటే నిరుడు, స్కీలు వచ్చేసరికి ఆలస్యమైంది. మేడం సోమవారం తెచ్చారు, గురువారం ప్రయాణం. అంతకు ముందు ఏడాది ఒక స్కీకి మడమ కింద అంచు కొంచెం లేస్తే, మనాలికి పైన ఒక పల్లెలో స్కీలు బాగుచేసే పెద్దాయన జిగురు పెట్టి తిరిగి అతికించాడట. ఆయన పని బాగుందని, అక్కడ కాస్త చూసుకొని రుద్దమని చెప్పి వెళ్లారు.

మంగళవారం సాయంత్రం షిఫ్టు అయ్యాక మొదటి స్కీ పూర్తిచేశాను. బుధవారం మధ్యాహ్నం రెండోది బల్ల మీద బిగించాను. అది అతికించిన స్కీ. మడమ కింద రాళ్లకు కొట్టుకుని మూడు నొక్కులు పడి ఉన్నాయి. రాయి తగిలినచోట ఉక్కు ఇంకా గట్టిపడుతుంది, ఆకురాయి పట్టదు, జర్రున జారుతుంది. అలాంటిచోట ముందు డైమండ్ రాయితో ఓపిగ్గా రుద్ది ఆ గట్టిదనం తీశాకే ఆకురాయి పెట్టాలి. అది నాకు తెలుసు. తెలిసే రాయితో రుద్దుతూ కూర్చున్నాను. అరగంటయినా ఒక నొక్కు కూడా పోలేదు.

పక్క మిషన్ దగ్గర పనిచేసే నా ఈడువాడు అటుగా వచ్చాడు. ఇద్దరం ఒకే ఏడాది చేరాం. వాడిది తళి దగ్గర పల్లె, మాటకు ముందు ఎకసెక్కెం.

"ఏమప్పా, సంతలో కత్తెర్లకి సాన పట్టేవాని మాదిరి కూసోని రుద్దతా ఉండావు? ఇన్ని మిషన్లు పెట్టుకోని?"

ఇంకో ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"పది నిమిషాల పని ఇది. చూస్తా ఉండు" అన్నాను.

స్కీని విప్పి బెంచ్ గ్రైండరు దగ్గరికి తీసుకుపోయాను. మా పెద్ద మిషన్లలో చక్రం మీద చల్లనీళ్లు పారుతుంటాయి. ఈ గ్రైండరుకు అది లేదు. స్కీ లోపల చెక్క ఉంది కాబట్టి నీళ్లు పోయడానికీ లేదు. చేత్తో పట్టుకుని అంచును చక్రానికి ఆనించి లాగాను. నిప్పురవ్వలు లేచాయి. ముగ్గురూ చూస్తున్నారు. మొదటి నొక్కు పోయింది, రెండోది పోయింది. మూడోది లోతుగా ఉంది, అక్కడ ఆపాను. ఎంతసేపు ఆపానో చెప్పలేను, ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు. జిగురు కాలిన వాసన ముక్కుకు తగిలాక చెయ్యి తీశాను.

"అయిపాయె! మొనగాడివప్పా" అని మా వాడు భుజం తట్టి పోయాడు. మిగతావాళ్లూ పోయారు.

స్కీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. అతికించినచోట, మడమ కింద, నాలుగు వేళ్ల పొడుగున అంచు నీలంగా ఉంది.

అప్పుడు టూల్‌రూమ్‌లో నన్ను ఎవరూ చూడడం లేదు. మేడం ఆఫీసు మేడమీద, రెండు నిమిషాల నడక. వెళ్లి "మేడం, కాల్చేసినాను, ఈ ఏడు ఈ జత వద్దు" అని చెబితే సరిపోయేది. ఆవిడ తిట్టేవారు, టికెట్టు మార్చుకునేవారు, లేదా అక్కడే అద్దెకు తీసుకునేవారు. నేను సొరుగు తెరిచి, ఇనుము నునుపు చేసే సన్నటి ఎమరీ కాగితం తీశాను. రంగు పైపైనే ఉంటుంది, నాలుగు రుద్దులకు పోతుంది. తెల్లగా మెరిసింది. దాని మీద డైమండ్ రాయి, రబ్బరు రాయి, నూనె. కింద ఉక్కు మెత్తబడింది, జిగురు కాలింది అని నాకు పూర్తిగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

సాయంత్రం మేడం వచ్చి అంచుకు గోరు లాగి చూశారు. పొడి రాలింది.

"నువ్వుండంగ నాకేం బయ్యం లేదప్పా" అన్నారు.

"జాగ్రత్తగా పోయిరాండి మేడం" అన్నాను.

మూడు వారాలు గడిచాయి. నేను ప్రతిరోజూ దాని గురించే ఆలోచించానని చెబితే అబద్ధం. మొదటి రెండు రోజులు గుర్తొచ్చింది. అంత చిన్న చోటుకు ఏమీ కాదులే అనుకున్నాను. తర్వాత పనిలో పడి మరిచిపోయాను.

మార్చి మూడో వారంలో మేడం ఫ్యాక్టరీకి వచ్చారు, చంక కింద కర్రతో, మోకాలికి పట్టీలతో. బెంగళూరులో ఆపరేషన్ అయిందట. వాళ్ల తమ్ముడు వ్యానులో తీసుకొచ్చాడు. సెలవు కాగితాలు ఇచ్చి, నేరుగా టూల్‌రూమ్‌కు వచ్చారు. వెనకే తమ్ముడు స్కీల సంచి మోసుకొచ్చాడు. అంత కష్టంలోనూ ఆప్రికాట్ల సంచి మరవలేదు. అది నా బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని జరిగింది చెప్పారు.

పొద్దున ఎండ ఇంకా తగలని వాలు. అడ్డంగా దాటుతున్నారు. సగం దూరం పోయాక కుడికాలి కింద ఏదో టప్పున లేచింది. స్కీ పట్టు తప్పింది. ముప్పై నలభై అడుగులు జారిపోయి బండకు తగులుకున్నారు. మోకాలి లోపల లిగమెంటు తెగింది. నలుగురు మోసుకుని రోడ్డు దాకా దింపారు, దానికి పగలంతా పట్టింది.

"చూడు" అంటూ స్కీ అడుగు చూపించారు. మడమ కింద అంచు బెత్తెడు మేర ఊడి బయటికి వంగి ఉంది. "అతికించిన తావే. ఆయన జిగురు మోసం చేసింది. పాపం, మంచోడే. పని మాత్రం సరిగ్గా చేయలేదు. నువ్వేమంటావు?"

నేను వంగి చూశాను. జిగురు నల్లగా పొక్కిపోయి ఉంది. ఉక్కు తెలిసినవాడెవడైనా చూడగానే చెబుతాడు. అందుకే ఆవిడ నన్ను అడిగింది.

"జిగురే మేడం" అన్నాను. "పాత స్కీలు గదా."

"నేనూ అదే అనుకున్నా. ఆయనకు ఫోన్ చేసి చెప్పినాను గానీ ఆయన నమ్మలేదు. నీతో మాట్లాడతానన్నాడు" అంటూ ఫోన్ కలిపి, నాకూ వినబడేలా పెట్టారు.

అవతల ముసలి గొంతు, హిందీలో. నాకు ఫ్యాక్టరీ హిందీ వచ్చు. ఆయన మర్యాదగా నన్ను పలకరించి, అంచుకు పదును పెట్టింది మీరేనా అని అడిగాడు. అవునన్నాను. ముప్పై ఏళ్లుగా అదే జిగురు వాడుతున్నాను, ఎప్పుడూ ఊడలేదు అన్నాడు. తర్వాత నిదానంగా అడిగాడు. "ఏమీ అనుకోకండి. ఎక్కడైనా వేడి తగిలిందా? మిషన్‌ మీద ఏమైనా పెట్టారా?"

మేడం నా మొహం చూస్తున్నారు, అనుమానంతో కాదు, నా జవాబు కోసం.

"లేదు. చేత్తోనే రుద్దినాను" అన్నాను.

"అయితే తప్పు నాదే" అన్నాడు ఆయన. "అమ్మగారికి చెప్పండి, నా చెయ్యే తప్పింది."

ఆ మాట మేడమూ వింటూనే ఉన్నారు. ఫోన్ పెట్టేసి, "పాపం, వయసయిపోయిందిలే" అన్నారు. తమ్ముడు పట్టుకుని లేపాడు. గుమ్మం దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆప్రికాట్లు ఇంట్లో ఇచ్చాను. నా భార్యా కూతురూ తిన్నారు. కడుపు బాగోలేదని చెప్పి నేను ముట్టలేదు.

మేడం కోలుకునేదాకా కల్లావిలో తల్లి దగ్గర ఉండడానికి వెళ్లిపోయారు. కళ్లెదుట లేకపోయేసరికి తేలిగ్గా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. మేడమీద ఆవిడ కుర్చీ ఖాళీగా ఉండేది. కాఫీకి పోతే ఎవరో ఒకరు "మేడం కాలు ఎట్లుండాది?" అని నన్నే అడిగేవారు, నాతో చనువని. కొత్తగా చేరినవాళ్లకు నీలం గురించి చెప్పడం మానేశాను. ఒకరోజు ఒకడు కాలిన డ్రిల్లు తెచ్చి భయం భయంగా చూపిస్తే, "పర్వాలేదు, చెప్పినావు గదా" అని, అది అన్నందుకు నాకే తల కొట్టేసినట్టయింది.

ఏప్రిల్‌లో మేడం ఫోన్ చేశారు. "ఆ పెద్దాయన తన సొంత స్కీలు పంపించినాడప్పా, నాకు బదులని. వద్దంటే వినలేదు. ఫ్యాక్టరీ అడ్రస్‌కి వస్తాది. నువ్వు విప్పి, అంచులు ఎట్లుండాయో చూసి పెట్టు."

పార్సెల్ రెండు రోజుల్లో వచ్చింది. గోనెపట్టాలో చుట్టి, తాడుతో అడుగడుగునా ముడులు వేసి ఉంది. కత్తితో కొయ్యబుద్ధి కాలేదు, ఒక్కో ముడి చేత్తో విప్పాను. లోపల పాత స్కీలు. పైన రంగు వెలిసిపోయింది, బూటు తగిలే చోట అరిగిపోయింది. చాలా ఏళ్లు ఆయన కాళ్ల కింద తిరిగినవని తెలుస్తూనే ఉంది. అంచులు మాత్రం ముక్కు నుంచి తోక దాకా ఒకే మెరుపు. కిటికీ దగ్గర వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూశాను. ఆకురాయి జాడలు అన్నీ ఒకే దిక్కుకు, వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి. ఒక్కచోట కూడా చెయ్యి ఆగలేదు. నొక్కులు పడిన ప్రతిచోటా ముందు రాయి పెట్టి, తర్వాతే ఆకురాయి పెట్టాడు. ముక్కూ తోకా దగ్గర మంచులో చిక్కుకోకుండా పదును కొంచెం తగ్గించాడు. ఏ మిషనూ లేకుండా, ఎక్కడో చలిలో, రోజుల తరబడి కూర్చుని చేసిన పని అది. ఇరవై రెండేళ్లలో నేను అలాంటి పని చేశానా అని ఆలోచించాను.

గుడ్డలో చుట్టిన ఒక ఆకురాయి, చీటీ కూడా ఉన్నాయి. హిందీ చదవడం నాకు రాదు. స్టోర్స్‌లో పనిచేసే ఒకాయన చదివిపెట్టాడు. "అమ్మగారి కాలు నా వల్ల పోయింది. ఇవి కొంచెం పొట్టి, కానీ మోసం చెయ్యవు. ఈ ఆకురాయి మీ దగ్గర పదును పెట్టే ఆయనకు. ఆయన చేతి పనిని అమ్మగారు ఎప్పుడూ మెచ్చుకునేవారు."

స్టోర్స్ ఆయన చీటీ మడిచి ఇస్తూ, "మంచి మనిషి మాదిరి ఉండాడే" అన్నాడు. నేను స్నానాలగదిలోకి పోయి కొళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. కృష్ణగిరిలో మారి ఊత్తంగరై బస్సు పట్టుకుని, కల్లావి చేరేసరికి పదకొండు దాటింది. దారి పొడుగునా ఎలా చెప్పాలో తయారుచేసుకున్నాను. ఇంటి ముందుకు వచ్చేసరికి ఒక్క మాట కూడా మిగల్లేదు.

మేడం వసారాలో కుర్చీలో కూర్చుని, కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని ఉన్నారు. తల్లి పక్కనే చేటలో రాగులు ఏరుతోంది. ఎనభై దాటిన మనిషి. తమ్ముడు అప్పుడే దగ్గరున్న పోచంపల్లి సంత నుంచి తిరిగొచ్చి కొత్త పొట్టేలును గుంజకు కడుతున్నాడు. నన్ను చూసి మేడం మొహం విప్పారింది.

"ఏమప్పా, ఇంత దూరం! స్కీలు వచ్చినాయా? ఎట్లుండాయి?"

తల్లి లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకునే చెప్పేశాను, తాగకుండా.

"మేడం, ఆ అంచు ఆయన జిగురుతో ఊడలేదు. నేను మిషన్‌లో పెట్టినాను. కాల్చేసినాను. నీలం తిరిగింది. ఎమరీ కాగితంతో తుడిచేసి మీకిచ్చినాను."

పొట్టేలును కడుతున్న తమ్ముడి చేయి ఆగిపోయింది. తల్లికి అర్థం కాలేదు.

"ఏమంటాడమ్మా ఆయప్ప?"

"నా కట్టె చెడగొట్టింది తానేనంట" అన్నారు మేడం, నా మీంచి చూపు తీయకుండా.

"కాలు పోయిండేది గూడా దాన్నుంచేనా?"

"అవునమ్మా" అన్నాను నేను.

ముసలామె చేట కింద పెట్టింది. "మరి ఇన్నాళ్లు యాడుండావప్పా?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

మేడం అడిగారు. "ఆపొద్దు ఫోన్లో ఆయన అడిగినాడు గదా, మిషన్‌లో పెట్టినావా అని?"

"అడిగినాడు మేడం."

"నా ముందరే లేదన్నావు."

"అవును మేడం."

"నాకు చెప్పేది సరే. ఆయనకు చెప్పినావా?"

"లేదు."

ఫోన్ తీసి కలిపి నా చేతికిచ్చారు. ఈసారి అందరికీ వినబడేలా పెట్టలేదు. ఆ పెద్దాయన నా గొంతు గుర్తుపట్టి, స్కీలు అందాయా అని అడిగాడు. నాకొచ్చిన హిందీలో, ముక్కలు ముక్కలుగా, చేసింది చెప్పాను.

"గోధుమ రంగా, నీలమా?" అన్నాడు.

"నీలం."

ఆయన దగ్గాడు. తర్వాత చెప్పాడు. మిగిలిన జిగురు డబ్బా పారేశాడట. ఆ తర్వాత అంచులు ఊడాయని వచ్చినవాళ్లను, ఈ పని నా చేతికి ఇక రాదు, కింద టౌనుకు వెళ్లండి అని పంపేశాడట. "కళ్లు పోతున్నాయనుకున్నాను" అన్నాడు. "పోనీలే. ఇప్పుడు తెలిసింది."

క్షమించండి అన్నాను. ఆయన "సరే, సరే" అన్నాడు, ఎదుటివాడు త్వరగా ఆపితే బాగుండునన్నట్టు. అమ్మగారి కాలు ఎలా ఉందని అడిగి పెట్టేశాడు.

ఫోన్ తిరిగి ఇస్తే మేడం తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. "ఆ స్కీలు నువ్వే కట్టి ఆయనకు పంపు. ఆకురాయి గూడా. ఇంక పో అప్పా. ఒంటిగంటకు బస్సుండాది."

తమ్ముడు బండి మీద బస్టాండు దాకా దింపాడు. నేను దిగాక, బండి తిప్పుకుంటూ అన్నాడు. "మా అక్కకు కోపమొస్తే తిట్టదు. మాట్లాడదు, అంతే. నువ్వు మల్ల మల్ల రావొద్దు."

ఫ్యాక్టరీలో నా ఈడువాడికి కూడా చెప్పాను. "ఓ, దానికా! మేడంకి తెలియకుంటే పోతుండె గదా" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు. ఆరోజు కిటికీ దగ్గర నేను అనుకున్నదీ అదే.

జూన్ చివర మేడం డ్యూటీకి వచ్చారు. కర్ర లేదు గానీ మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి ఒక్కో మెట్టు దిగేవారు. పని మీద డ్రాయింగులు పంపితే వేరేవాళ్ల చేత పంపేవారు. ఎదురుపడితే తల ఊపేవారు. మూడు నెలలు అలాగే గడిచాయి. అక్టోబరులో ఒకరోజు మధ్యాహ్నం వేరే స్కీల జత పట్టుకుని టూల్‌రూమ్‌లోకి వచ్చారు. ఆ పెద్దాయనే ఎవరి దగ్గరో పాతవి వెతికి ఇప్పించాడట. నేను లేచి చేతులు తుడుచుకున్నాను.

"నీకిచ్చేదానికి తేలేదు" అన్నారు. "నేర్చుకునేదానికి తెచ్చినాను. ఇంకొకరి చేతికి ఇచ్చేది ఇంక లేదు. నేర్పిస్తావా?"

శనివారం సాయంత్రాలు హోసూరులో ఆవిడ ఇంటి వరండాలో, రెండు చెక్కదిమ్మెల మీద స్కీ బిగించి నేర్పాను. మొదట్లో ఆకురాయిని గట్టిగా నొక్కేసేవారు, లాగే చేయి వంకర పోయేది. మార్కరు గీతలు గీసి చూపిస్తే వెంటనే అర్థం చేసుకున్నారు. నేను మాత్రం ప్రతి మాటా తడబడుతూ చెప్పేవాణ్ని. చేత్తో చెయ్యాలి, ఓపిక పట్టాలి అని నేను అంటుంటే, ఆ మాటలు నా నోటి నుంచి ఎలా వినబడుతున్నాయో నాకు తెలుసు. ఒకసారి రాయి తగిలిన నొక్కు దగ్గర ఆకురాయి జారింది. మేడం ఆపి నా వైపు తిరిగారు.

"నువ్వు మిషన్‌లో పెట్టింది ఇట్లాంటి తావేనా?"

"ఆ మేడం."

"రాయి ఇయ్యి."

ఇచ్చాను. ముప్పావుగంట రుద్దారు. ఇక చాలు అని నేను అనలేదు, మీరు పక్కకు రండి నేను చేస్తానని కూడా అనలేదు. అనే హక్కు నాకు లేదు. డిసెంబరుకల్లా ఆవిడకు నా అవసరం తీరిపోయింది. ఆ మాట ఆవిడ చెప్పలేదు, శనివారం రమ్మనడం మానేశారు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో, షిఫ్టు దిగి గేటు దాటుతుంటే మేడం బస్టాపులో కనబడ్డారు. భుజాన పొడుగాటి సంచి. డాక్టరు పెద్ద కొండలు వద్దన్నాడట, మెల్లని వాలుల్లోనే తిరుగుతారని సెక్షన్‌లో ఎవరో చెబితే విన్నాను. పలకరించకుండా దాటిపోదామనుకున్నాను గానీ ఆవిడ అప్పటికే చూశారు.

"పోయొస్తానప్పా" అన్నారు.

"మంచిది మేడం."

అంచులు ఎలా వచ్చాయో, గోరు లాగి చూశారా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను. బస్సు వచ్చింది. కండక్టరు సంచి అందుకోబోతే వద్దని, ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి తనే ఎక్కారు.